కాన్పు ఎక్కడ? ఏడో నెలలోనే తేల్చుకోవడం ఎలా

మన వైపు తొలిచూలైతే అమ్మాయిని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి తెస్తారు. చీర, గాజులు, చలిమిడి, సారె అన్నీ లెక్కప్రకారం జరుగుతాయి. కాన్పు ఎక్కడ అన్న మాట మాత్రం "అప్పుడు చూసుకుందాం లే" దగ్గర ఆగిపోతుంది. ఆ "అప్పుడు" చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే వస్తుంది. ఉమ్మనీరు పోతుంటుంది, ఇంట్లో బండి నడిపేవాళ్ళు ఉండరు, కార్డు ఏ బీరువాలో పెట్టారో ఎవరికీ గుర్తు రాదు. అప్పుడు తీసుకునేది నిర్ణయం కాదు, కంగారు.

నా మాట ముందే చెప్పేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈరోజు ఉన్న ఏర్పాట్లతో నేను ఆసుపత్రే అంటాను. అయితే "ఆసుపత్రిలోనే కంటాం" అనేస్తే పని అయిపోదు. ఏ ఆసుపత్రి, ఎంతసేపట్లో చేరగలం, పక్కన ఎవరుంటారు అన్నవి కూడా తేల్చుకోవాలి. ఇంట్లోనే కనాలని మనసున్నవాళ్ళకి కూడా కింద కొంత రాశాను. వాళ్ళ కోరికలో న్యాయం లేకపోలేదు.

1. ముందు కార్డు తెరిచి చదవండి

ఊరి ఆరోగ్య కార్యకర్త ఏఎన్ఎం ఇచ్చిన తల్లీబిడ్డల సంరక్షణ కార్డు ఒకటి ఉంటుంది కదా, దాన్ని ముందు పెట్టుకుని భార్యాభర్తలిద్దరూ కూర్చోండి. అత్తగారో అమ్మో ఉంటే ఇంకా మంచిది. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో డాక్టరు ఉచితంగా చూసే గర్భిణుల పరీక్షల రోజు ఉంటుంది. అక్కడ ప్రమాదం ఎక్కువున్న కేసులకి కార్డు మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తారు. మీ కార్డు మీద అది ఉంటే చర్చ అక్కడితో అయిపోయినట్టే. ఇంటి కాన్పు మాట ఎత్తకండి, ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, అంటే పీహెచ్‌సీ కూడా వద్దు. ఆపరేషన్ చేయగల ఆసుపత్రికే వెళ్ళాలి.

స్టిక్కర్ లేదు కదా అని ఊరుకోకండి. గడులు మీరే చదవండి. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే రక్తహీనత, 7 కంటే తక్కువైతే అది ప్రమాదకరమైన స్థాయి. ఒంట్లో రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో మామూలుగా పోయే రక్తం కూడా బరువే. ఏడో నెలలోనే తెలిస్తే ఐరన్ మాత్రలో, సెలైన్‌లో ఎక్కించే ఐరనో ఇచ్చి పెంచడానికి వ్యవధి ఉంటుంది. తొమ్మిదో నెల చివర్లో తెలిస్తే రక్తం ఎక్కించడమే మిగులుతుంది. బీపీ గడిలో 140/90, ఆపైన కనిపిస్తే దాన్ని "టెన్షన్ వల్ల" అని కొట్టిపారేయకండి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనే ఫిట్స్ జబ్బు చాలామందిలో ఈ బీపీతోనే మొదలవుతుంది. తలపోటు, కళ్ళు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి, ముఖం, చేతులు వాయడం దాని గుర్తులు. ఇవి కనిపిస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

ఇంకా చూడాల్సినవి: పాత కాన్పు ఆపరేషనా, కవలలా, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉందా, మాయ కిందికి ఉందా, షుగర్ ఉందా, గత కాన్పులో రక్తం ఎక్కువ పోయిందా. తల్లి రక్తం నెగటివ్ గ్రూపా అన్నది కూడా. తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డీ ఇంజక్షన్ పడాలి. కాన్పు ఇంట్లో అయితే బిడ్డ గ్రూపు ఎవరు చూస్తారు?

మన ప్రాంతానికి మాత్రమే చెప్పాల్సినవి రెండున్నాయి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు అమ్మాయి అయితే, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం మనిషైతే, మిగతా పరీక్షలతో పాటు కిడ్నీ పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించమని అడగండి. కిడ్నీ బలహీనంగా ఉంటే గర్భంలో బీపీ పెరిగే అవకాశం ఎక్కువ, పైగా అది బయటికి కనపడదు. సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల వైపు వాళ్ళయితే సికిల్ సెల్ (వంశంలో వచ్చే రక్తపు జబ్బు) పరీక్ష, జ్వరం వస్తే మలేరియా పరీక్ష అడగండి.

అన్నీ బాగున్నా, కాన్పు రోజున ఏం జరుగుతుందో కార్డు చెప్పలేదు. బిడ్డ పుట్టాక రక్తస్రావం ఆగకపోవడం ఏ ప్రమాదం లేదనుకున్నవాళ్ళకీ వస్తుంది.

2. దూరాన్ని కిలోమీటర్లలో కాదు, నిమిషాల్లో లెక్కేయండి

కాన్పు తర్వాత ఆగని రక్తస్రావంతో రెండు గంటల్లో ప్రాణం మీదికి రావచ్చు. అందుకని మీ ఇంటి గుమ్మం నుంచి, రక్తం ఎక్కించి ఆపరేషన్ చేయగల బల్ల దాకా ఎంతసేపు అన్నదే అసలు ప్రశ్న.

కాగితం మీద రాయండి. నొప్పులు గుర్తించి, "ఇవి అవేనా కాదా" అని ఇంట్లో తర్జనభర్జన పడటానికి ఎంత? 108కి చేస్తే బండి రావడానికి ఎంత? ఇది ఆశా కార్యకర్తని అడగండి, మీ ఊరికి రాత్రిపూట ఎంతసేపు పడుతుందో ఆమెకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బండి మీ వీధిలోకి వస్తుందా, గుడి దగ్గరే ఆగిపోతుందా? దారిలో రైల్వే గేటు ఉందా? మన జిల్లాల మధ్యలోంచి హౌరా లైను పోతోంది, గేటు పడితే ఒక్కోసారి రెండు రైళ్ళు వెళ్ళేదాకా లేవదు. ఆసుపత్రిలో దిగాక కేసు చూసి "ఇక్కడ కాదు, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి" అంటే? ఆ రెండో ప్రయాణం కూడా లెక్కలో వేయండి. చాలామంది లెక్క అక్కడే తప్పుతుంది. ఊరి నుంచి పీహెచ్‌సీకి ఇరవై నిమిషాలే అని ధీమాగా ఉంటారు. అక్కడి నుంచి టెక్కలికో, టెక్కలి నుంచి శ్రీకాకుళానికో పట్టే సమయం మరిచిపోతారు.

మొత్తం గంట దాటితే నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉండకండి. డాక్టరు చెప్పిన తేదీకి వారం, పది రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊళ్ళో చుట్టాలింటికి చేరండి. డోలీ కట్టి మోసుకొచ్చే కొండ ఊళ్ళవాళ్ళకి ఇది తప్పనిసరి. సాలూరులో గర్భిణుల కోసం వసతిగృహం పెట్టింది ఇందుకే, ముందే వచ్చి ఉండటానికి. మీకు దగ్గరలో అలాంటిది ఉందేమో ఏఎన్ఎంని అడగండి.

తేదీ అక్టోబరు, నవంబరుల్లో పడితే ఇంకో సంగతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాన్లు వచ్చాయి. తిత్లీ అప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు కొబ్బరి చెట్లు, కరెంటు స్తంభాలు రోడ్ల మీద అడ్డంగా పడ్డాయి. వాయుగుండం కబురు టీవీలో వచ్చిన రోజే నెలలు నిండిన మనిషిని కదిలించాలి, తుపాను తీరం దాటే రోజున కాదు. వంశధార, నాగావళి పక్క ఊళ్ళవాళ్ళకి వరద రోజుల్లో కూడా ఇదే పద్ధతి.

3. ఏ ఆసుపత్రి?

విజయనగరంలో ఘోషా ఆసుపత్రి, శ్రీకాకుళంలో అందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రి, వాటికీ లొంగని కేసులకి విశాఖ కేజీహెచ్. ఇచ్ఛాపురం వాళ్ళు ఒడిశాలోని బరంపురం వెళ్తారు, వాళ్ళకి అదే దగ్గర. పేరు తెలుసు కదా అని ఊరుకోక, ఎనిమిదో నెలలో ఒకసారి పగలు వెళ్ళి చూసి రండి. ప్రైవేటైనా, ప్రభుత్వమైనా ఇవి అడగండి: రాత్రి, ఆదివారం కూడా ఆపరేషన్ చేస్తారా? మత్తు డాక్టరు ఇక్కడే ఉంటారా, కబురు చేస్తే వస్తారా? రక్తం ఇక్కడే దొరుకుతుందా? పుట్టిన బిడ్డకి ఊపిరి ఆడకపోతే చూసే ప్రత్యేక విభాగం ఉందా? కాన్పు గదిలోకి తోడు ఒక ఆడమనిషిని రానిస్తారా?

మత్తు డాక్టరు ప్రశ్నకి చిన్న నర్సింగ్ హోముల్లో చాలాసార్లు "ఫోన్ చేస్తే వచ్చేస్తారమ్మా" అంటారు. ఎక్కడి నుంచి వస్తారో కూడా అడగండి. మొహమాటం పడాల్సిన చోటు కాదు ఇది.

డబ్బు సంగతి. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, రక్తం, ఉన్నన్నాళ్ళు భోజనం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. 2011 నుంచి దేశమంతా ఉన్న పథకమే. ఎవరైనా చేయి చాపితే అది మీరు బాకీపడ్డ డబ్బు కాదు. తొలికాన్పు ఖర్చు పుట్టింటివాళ్ళది అన్న ఆచారంతో కొందరు అప్పు చేసి మరీ ప్రైవేటుకి వెళ్తారు. "ప్రభుత్వాసుపత్రిలో కాన్పు చేయించారట" అన్న మాట అత్తింటివైపు నుంచి పడకూడదని. ఆ పరువు ఖరీదు ఎంతో ముందే మాట్లాడుకుంటే మంచిది.

హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసుకుంటూ కాన్పుకి ఊరు వచ్చేవాళ్ళు రైలు టికెట్‌తో పాటు స్కానింగ్ రిపోర్టులు, రక్తపరీక్షలు అన్నీ మూటకట్టుకు రావాలి. నెలలు నిండాక వచ్చి, కొత్త ఆసుపత్రిలో కొత్త డాక్టరు ముందు ఖాళీ చేతులతో నిలబడితే ఆమె అన్నీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

4. ఇంట్లోనే కనాలని మనసుంటే

ఎందుకో ముందు మీకు మీరు చెప్పుకోండి. నేను విన్న కారణాలు ఇవి: ఆసుపత్రిలో కసురుతారని, ఒంటరిగా పడుకోబెడతారని, ఊరికే కడుపు కోస్తారని, ఇంట్లో అయితే అమ్మ పక్కన ఉంటుందని. వీటిలో ఒక్కటీ కొట్టిపారేసేది కాదు. మా దగ్గరి బంధువుల అమ్మాయిని ఒకచోట "కడుపు తెచ్చుకున్నప్పుడు తెలీలేదా నొప్పి" లాంటి మాటలు అన్నారు. బిడ్డకి మూడేళ్ళు వచ్చినా ఆ అమ్మాయి ఆ మాట మరిచిపోలేదు. కోత భయానికీ ఆధారం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 42 ఆపరేషన్లే, ప్రైవేటులో అయితే సగానికి పైనే.

ఇంగ్లండ్‌లో ఇంట్లో కంటున్నారు కదా అని ఫోన్లో వీడియోలు చూపించేవాళ్ళున్నారు. నిజమే, కంటున్నారు. అక్కడ ఏ ప్రమాదం లేని సుమారు 64,000 మంది కాన్పులు గమనించి 2011లో ఒక అధ్యయనం బయటపెట్టారు. రెండో కాన్పు, ఆ తర్వాతవాళ్ళకి కాన్పు ఇంట్లో అయినా ఆసుపత్రిలో అయినా బిడ్డకి తేడా కనపడలేదు. తొలిచూలువాళ్ళలో మాత్రం బిడ్డకి తీవ్రమైన ఇబ్బంది వచ్చినవి ఆసుపత్రిలో 1000కి 5.3, ఇంట్లో 9.3. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలువాళ్ళలో 100కి 45 మందిని మధ్యలో గానీ, కాన్పయిన వెంటనే గానీ ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. అదీ శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ మందులూ సామాన్లూ పట్టుకుని ఇంటికి వచ్చే దేశంలో, అంబులెన్సుకి చెప్పి ఉంచే పద్ధతిలో. మన ఊళ్ళో ఆ మిడ్‌వైఫ్ ఏదీ? ఊరి మంత్రసాని చేతిలో నేర్పు ఉండొచ్చు. రక్తం ఆపే ఇంజక్షన్, బిడ్డ ఊపిరికి సంచీ, మాస్కు ఆమె దగ్గర ఉండవు.

అన్నిటికంటే ప్రమాదం డాక్టరు చదువు లేని ఆర్‌ఎంపీని ఇంటికి పిలిపించి నొప్పులు పెరగడానికి ఇంజక్షన్ వేయించడం. ఆసుపత్రిలో అయితే దాన్ని సెలైన్‌లో చుక్కల లెక్కన, బిడ్డ గుండె చప్పుడు చూస్తూ ఎక్కిస్తారు. ఇంట్లో ఒక్కసారి కండకి వేస్తే గర్భసంచి చిట్లిపోవచ్చు, బిడ్డకి ఊపిరి ఆడకపోవచ్చు. పొట్ట మీద కూర్చున్నట్టు నొక్కడం కూడా అంతే.

అందుకని ఇంట్లో కావాలనుకున్నవి ఆసుపత్రిలోనే అడిగి తీసుకోండి. కాన్పు గదిలో తోడు ఉండొచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల ప్రకారం నొప్పుల్లో లేచి తిరగొచ్చు, మంచినీళ్ళు తాగొచ్చు, తనకి వీలైన భంగిమలో కనొచ్చు. ప్రతి ఒక్కరికీ కింద కోత పెట్టాల్సిన పని లేదు. బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి కోయాలి, వెంటనే తల్లి గుండెల మీద వేయాలి. ఇవన్నీ ముందే వెళ్ళిన రోజు సిస్టర్‌తో మర్యాదగా చెప్పి ఉంచండి. నొప్పుల్లో వాదించే ఓపిక ఎవరికీ ఉండదు. అన్నీ ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేను, తోడు సంగతి మాత్రం గట్టిగా పట్టుబట్టండి. ఆపరేషన్ అంటే "ఎందుకు, ఇప్పుడే చేయకపోతే ఏమవుతుంది, ఇంకొంత ఆగితే?" అని మూడు ముక్కలు అడగండి. బిడ్డ గుండె చప్పుడు పడిపోతోందంటే మాత్రం సంతకం పెట్టడం ఆలస్యం చేయకండి.

5. పెద్దవాళ్ళతో

"మేమందరం ఇంట్లోనే కనలేదేటి? మంత్రసానొచ్చి పురుడు పోసీసి ఎళ్ళిపోయీది" అని మామ్మ అంటుంది. ఎదురు చెప్పకండి. పక్కన కూర్చుని, "ఎంతమందిని కన్నావు మామ్మా, ఎంతమంది దక్కారు?" అని అడగండి. వేళ్ళు మడుస్తూ చెప్తుంది. ఆ తర్వాత ఆమే "తీస్కెళ్ళండి" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఆసుపత్రికి తోడుగా వచ్చేది ఎవరు, ఇంట్లో పెద్దపిల్లని ఎవరు చూస్తారు, భర్త ఊళ్ళో లేకపోతే ఆపరేషన్‌కి సంతకం ఎవరిది అన్నవి కూడా అందరూ కూర్చున్న ఆ రోజే తేల్చండి. "మావయ్యగారు వచ్చాక బయల్దేరదాం" అన్న మాట మీద పోయే గంట ఎక్కడా తిరిగి రాదు. తోచినప్పుడు ఎవరినీ అడక్కుండా బయల్దేరే హక్కు కడుపుతో ఉన్న మనిషికే ఉండాలి.

6. సంచి

కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం నకళ్ళు, రిపోర్టులు, ఉతికిన పాత నూలు చీర ముక్కలు, ఫోన్ ఛార్జరు, కొంచెం డబ్బు. అదే గ్రూపు రక్తం ఇవ్వగల ఇద్దరి నంబర్లు రాసి గోడకి అంటించండి. వాళ్ళకి ముందే చెప్పండి.

7. ఎప్పుడు బయల్దేరాలి

ఆసుపత్రి దగ్గరైతే, తొలిచూలుకి అయిదేసి నిమిషాలకి ఒక నొప్పి, ఒక్కోటి దాదాపు నిమిషం, ఇలా గంటసేపు సాగితే కదలండి. దూరమైతే అంతదాకా ఆగకూడదు. మలిచూలుకి నొప్పులు ఒక క్రమంలో పడ్డాయంటే చాలు, రెండోసారి బిడ్డ తొందరగా వస్తుంది.

నొప్పులతో పనిలేకుండా వెంటనే వెళ్ళాల్సినవి: ఉమ్మనీరు పోవడం (పచ్చగా ఉంటే మరీ తొందర), రక్తం కనపడటం, బిడ్డ కదలిక తగ్గడం, ఫిట్స్, తలపోటుతో చూపు మసకబారడం, జ్వరం, నెలలు నిండకుండానే నొప్పులు. బండిలో ఎడమవైపు తిరిగి పడుకోబెట్టండి.

8. బండి రాకముందే బిడ్డ వచ్చేస్తే

ఎంత లెక్కేసినా ఇలా జరుగుతుంది. 108కి ఫోన్ చేసి, స్పీకర్‌లో పెట్టి పక్కన ఉంచండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. ఫ్యాను ఆపండి. తల్లిని నేల మీద శుభ్రమైన గుడ్డ పరిచి, తనకి వీలుగా ఉన్నట్టు ఉండనివ్వండి. పొట్ట నొక్కొద్దు, బిడ్డని లాగొద్దు. తల బయటికి వచ్చాక మెడకి తాడు చుట్టుకుని వదులుగా ఉంటే మెల్లగా తలమీదుగా తప్పించండి. బిడ్డ ఒళ్ళు జారుతుంది, పట్టుకోవడానికి గుడ్డ సిద్ధంగా పెట్టుకోండి.

బిడ్డని పొడిగుడ్డతో గబగబా తుడిచి, ఆ తడిగుడ్డ తీసేసి, తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టి ఇద్దరినీ కలిపి కప్పండి. ఏడవకపోతే వీపు రుద్దండి. తలకిందులుగా వేలాడదీసి కొట్టకండి. బొడ్డు కోయకండి, బండి వచ్చాక వాళ్ళు కోస్తారు. పసుపు, బూడిద, ఆముదం ఏదీ పెట్టొద్దు. మాయ కోసం తాడు లాగొద్దు. దానంతట అది వస్తే సంచిలో వేసి వెంట తీసుకెళ్ళండి, అంతా వచ్చిందో లేదో డాక్టరు చూడాలి. మాయ పడ్డాక బొడ్డు కింద పొట్ట మెత్తగా ఉండి రక్తం ధారగా వస్తుంటే, అక్కడ గట్టిపడేదాకా చేత్తో గుండ్రంగా రుద్దుతూ ఉండండి, బిడ్డ చేత పాలు పట్టించండి. అంతా బాగుందనిపించినా బండి వచ్చాక వెనక్కి పంపకండి. తల్లినీ బిడ్డనీ ఎక్కించండి.

9. కాన్పయ్యాక

మామూలు కాన్పైనా 48 గంటలు ఆసుపత్రిలోనే ఉండండి. పురిటి మనిషిని "ఇంటికెళ్తే కాయం (బాలింత మందు) పెట్టుకోవచ్చు" అని మర్నాడే తెచ్చేసుకుంటారు, కాయం ఎక్కడికీ పోదు. బిడ్డకి బీసీజీ, పోలియో చుక్కలు, విటమిన్ కె ఇంజక్షన్, 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా పడ్డాయో లేదో కార్డులో చూసుకుని సంతకం పెట్టండి. ఇంటికి దింపడానికి తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ బండి ఉంటుంది, డిశ్చార్జి రోజు పొద్దున్నే చెప్పి ఉంచితే సాయంత్రందాకా వరండాలో కూర్చోనక్కర్లేదు.

పుట్టుక నమోదు 21 రోజుల్లోపు కావాలి. ఆసుపత్రిలో పుడితే వాళ్ళే పంపుతారు, ఇంట్లోనో దారిలోనో పుడితే పంచాయతీ కార్యదర్శికి మీరే చెప్పాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టినతేదీకి ఈ పత్రమే ఆధారం. తల్లిదండ్రుల పేర్లు ఆధార్‌లో ఉన్నట్టే రాయించండి. నామకరణం ఇంకా కాలేదని ఆగొద్దు. పేరు గడి ఖాళీగా పెట్టి నమోదు చేయించుకుని, ఏడాదిలోపు రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు.